మోటారు తిరుగుతున్నా నీళ్లెందుకు రావు?

బావి గట్టున మోటారు బుర్రుమని తిరుగుతోంది. కుళాయిలో మాత్రం చుక్క లేదు. ఎందుకు?

మోటారు నిజానికి నీళ్లను పైకి లాగదు. పంపు లోపల ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం గిర్రున తిరిగి నీటిని బయటికి నెడుతుంది. దాంతో దాని మధ్యలో పీడనం తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి పీడనమే బావి నీటిని పైపులోకి తోస్తుంది. అది తోయగలిగింది సుమారు 10 మీటర్లే; ఆచరణలో 7, 8 మీటర్లకు మించదు. వేసవిలో నీటిమట్టం అంతకన్నా దిగితే నీళ్లు ఎక్కవు.

మట్టం బాగానే ఉందా? అయితే పైపులో గాలి చేరి ఉంటుంది. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ నీటిని వెనక్కి జారనివ్వదు. అందులో చిన్న పుల్ల ఇరుక్కున్నా రాత్రికి రాత్రే పైపు ఖాళీ! పెద్దవాళ్లు మోటారు ఆపి, పంపు పైమూత విప్పి నీళ్లు పోసేటప్పుడు చూడండి. నిండిన నీళ్లు మళ్లీ దిగిపోతుంటే తప్పు ఫుట్‌వాల్వ్‌దో, చిల్లుపడిన పైపుదో.

మోటారు తిరగకుండా గుంయ్‌మని మోగుతోందా? మోటారు తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే కెపాసిటర్ పాడై ఉండొచ్చు, లేదా ఇంపెల్లర్ బిగుసుకుని ఉండొచ్చు. వెంటనే ఆపకపోతే మోటారులోని తీగచుట్ట (వైండింగ్) కాలిపోతుంది.

పిల్లలూ, ఇవన్నీ గమనించి ఇంట్లో చెప్పండి. విప్పడం, బిగించడం మాత్రం కరెంటు ఆపాక పెద్దవాళ్లే చేయాలి.