"పినోకియో" బొమ్మల చిత్రము: గుణదోషములు

కదలు బొమ్మల చిత్రమనగానే అది పిల్లల వినోదమని తేల్చి, వారిని ముందు కూర్చుండబెట్టి పెద్దలు తమ ముచ్చటలలో పడుట పరిపాటి. వాల్ట్ డిస్నీ సంస్థ 1940 ఫిబ్రవరిలో విడుదల చేసిన "పినోకియో" విషయమున ఆ పని చేయరాదని మా మనవి. చిత్రము ముగిసిన పిదప పిల్లలు ఒక ప్రశ్న వేయుదురు. దానికి చిత్రములో జవాబు లేదు.

కథ చాలమందికి తెలిసినదే. జెపెట్టో అను ముదుసలి ఒక కొయ్యబొమ్మను చెక్కును. నీలిదేవత దానికి ప్రాణము పోసి, ధైర్యము, సత్యము, నిస్వార్థము గలవాడవని రుజువు చేసికొన్నచో నిజమైన బాలుడవగుదువని చెప్పును. జిమినీ అను కీచురాయిని దానికి అంతరాత్మగా నియమించును. మూలము ఇటలీ రచయిత కార్లో కొలోడీది. 1881లో బాలల పత్రికలో ధారావాహికగా మొదలై 1883లో పుస్తకమైనది. ఆ పుస్తకములోని బొమ్మ ఒట్టి పెంకెఘటము. నీతి చెప్పవచ్చిన కీచురాయిని సుత్తి విసరి చంపిన ఘనుడు!

డిస్నీ చిత్రకారులు మొదట గీసిన బొమ్మ మరీ కొయ్యబారియుండుటచే 1938లో పని ఆపివేసిరి. పిమ్మట మిల్ట్ కాల్ అను చిత్రకారుడు ముందుగా ఒక ముద్దులొలుకు బాలుని గీసి, తరువాత కీళ్ళకు మాత్రము కొయ్య లక్షణములు చేర్చెను. చిత్రమును నిలిపినది ఈ మార్పే. చిత్రములోని ముఖ్యలోపము కూడ ఇందుండియే పుట్టినదని మేము తలంతుము. పెంకెతనము పోవుటతో బొమ్మ అమాయకమైనది. ఎవరు చేయి పట్టిన వారివెంట పోవును. తప్పు తానై చేయనివానికి పశ్చాత్తాపమెక్కడిది? తుదివరకు వాడు తనంత తాను తలపెట్టిన కార్యము, తండ్రిని వెదకి సముద్రములోనికి దిగుట యొక్కటే. ఆ తండ్రి తిమింగలము కడుపులో నున్నాడని కూడ ఒక పావురము ఉత్తరము జారవిడిచి తెలుపవలసి వచ్చినది. ఇది కథకుని సోమరితనమే.

చిత్రకళకు మాత్రము వంక పెట్టజాలము. ఇండ్లను, సందులను వేర్వేరు గాజుపలకలపై వ్రాసి, ఒకదాని వెనుక నొకటి ఎడముగా నిలిపి కెమెరా నడిపిరి. ఉదయమున గంటలు మ్రోగి పావురములు లేవగా, మన చూపు కప్పులమీదుగా వీధిలోనికి దిగుచున్నట్లే యుండును. తిమింగలము తరుముకొని వచ్చునప్పటి కెరటములను నేటి యంత్రగణకుల పని ప్రక్కన నుంచినను చిన్నబోవు.

వినుటకు అలవాటు పడిన రేడియో కుటుంబములవారికి ఒక ముచ్చట. గిడియన్ అను పిల్లికి గొంతునిచ్చిన మెల్ బ్లాంక్ గొప్ప కంఠశిల్పి. పిల్లిని మూగదిగా నుంచుటయే మేలని తరువాత తోచి ఆయన మాటలన్నియు తీసివేసిరి. మిగిలినవి ఎక్కిళ్ళు మాత్రమే! పాటకును సంగీతమునకును ఆస్కారు బహుమతులు లభించినవి. ఐనను యుద్ధముచే ఐరోపా విపణి మూతపడియుండుటవలన, ఇరువదియైదు లక్షల డాలర్లకు పైబడిన వ్యయము తొలి విడుదలలో తిరిగి రాలేదు.

ఇక ఆ ప్రశ్న. చెడుతిరుగుళ్ళు తిరిగిన బాలురు విలాసద్వీపమున గాడిదలగుదురు. ల్యాంప్‌విక్ అనువాని మార్పును గోడపై నీడగా చూపిరి. వాడు అమ్మను పిలుచుచుండగనే ఆ పిలుపు ఓండ్రగా మారును. పినోకియో తప్పించుకొనును. మిగిలినవారో? వారిని విడిపించినవారు లేరు, బండివానిని శిక్షించినవారు లేరు, ఆ మాట మరల ఎత్తినవారును లేరు. "ఆ పిల్లలేమైరి?" అని మీ ఇంటి చిన్నవారు అడుగక మానరు. కొలోడీ ఈ ఋణము ఎగవేయలేదు. పుస్తకములో పినోకియో తానును గాడిదయై బాధపడును. తుదకు ఒక రైతు కొట్టములో చాకిరిచే చచ్చుచున్న గాడిదను చూచి, అది తన నేస్తమే యని గుర్తించును. మిక్కిలి పసివారికి ఈ భాగము భయము గొల్పును. కొంచెము ఎదిగినవారికి చిత్రము చూపి, ఆ రాత్రియే పుస్తకములోని ఈ ఘట్టము చెప్పుడు.