భూకంపం కాదు... సముద్రం!

2024 డిసెంబర్‌ 4, బుధవారం ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హైదరాబాద్‌ దాకా ఇళ్లు ఊగాయి. ఆ ఆదివారం ఎన్ని మందిరాల్లో అంత్యదినాల మీద ప్రసంగాలు వినిపించాయో లెక్క చెప్పలేం! మత్తయి సువార్త 24వ అధ్యాయం తెరిచిన కాపరుల్లో నేనూ ఉన్నాను. ఆరాధన ముగిశాక, ఇంజనీరింగ్‌ చదువుతున్న మా సంఘపు యువకుడొకడు ఫోన్‌ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. అందులో భూకంపాలను నమోదుచేసే ఒక స్టేషన్‌ తాలూకు గీత ఉంది.

‘‘అయ్యగారూ, ఇది ఏ భూకంపమూ రాని రోజు రికార్డు. అయినా గీత ఒక్క క్షణం కూడా తిన్నగా లేదు చూడండి. నేల రోజంతా వణుకుతూనే ఉందా?’’ అన్నాడు.

నాకు జవాబు తెలియదు. ‘‘చూశావా నాన్నా, కాలం ఎలా ఉందో!’’ అని తప్పించుకున్నాను. అతను భయంగా తలూపి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలియని సంగతిని ఆయుధంగా చేసుకుని ఒక పిల్లవాణ్ణి భయపెట్టాను. ప్రభువు ఆ అధ్యాయంలో భూకంపాల ప్రస్తావన తెచ్చింది శిష్యులు కలవరపడకూడదని చెప్పే సందర్భంలోనే! సెమినరీలో ఆ వాక్యభాగాన్ని గ్రీకులో చదివినవాణ్ణి, ఆ సంగతి నాకే గుర్తులేకపోయింది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు దొరికిందల్లా చదివాను.

నేల వణుకుతున్న మాట నిజమే. అయితే ఆ వణుకు భూగర్భంలో పుట్టింది కాదు, సముద్రం పంపుతున్నది. దీన్ని పట్టుదలగా గమనించిన తొలితరం వాళ్లలో ఒక సన్యాసి ఉండడం నన్ను ఆశ్చర్యపరిచింది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌ నగరంలో పాఠాలు చెప్పుకునే బార్నబైట్‌ గురువు తిమోతేయో బెర్తెల్లి, 1870 ప్రాంతంలో ఒక లోలకాన్ని వేలాడదీసి దాని కొనను మైక్రోస్కోపుతో చూడసాగాడు. బండ్లు తిరగని వేళల్లోనూ అది కదులుతూనే ఉంది! ఏళ్ల తరబడి కొన్ని వేలసార్లు చూసి రాసుకున్నాడు. చలికాలంలో కదలిక ఎక్కువ. గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు మరీ ఎక్కువ. అంటే వాతావరణానికీ, నేల వణుకుకూ ఏదో సంబంధం ఉందన్నమాట. మన ప్రొటెస్టెంటు సంఘచరిత్ర పాఠాల్లో ఈయన పేరు నేనెప్పుడూ వినలేదు. వినాల్సింది.

ఆ సంబంధం సముద్రపు అలలే కావచ్చునని జర్మన్‌ శాస్త్రవేత్త ఎమిల్‌ వీహర్ట్‌ 1904లో సూచించాడు. తీరాన్ని అలలు కొడితే నేల అదురుతుందని ఆయన ఆలోచన. మన దేశంలో సుధాంశు కుమార్‌ బెనర్జీ బొంబాయి కొలాబా అబ్జర్వేటరీ రికార్డులు పరిశీలించి, మన చుట్టూ ఉన్న సముద్రాల్లో రుతుపవనాలూ తుపాన్లూ రేగినప్పుడు ఈ వణుకు ఎలా వస్తుందో 1930లోనే లండన్‌ రాయల్‌ సొసైటీ పత్రికలో రాశాడు. తర్వాత వాతావరణ శాఖకు తొలి భారతీయ అధిపతి అయింది ఈయనే.

కానీ ఒక చిక్కు మిగిలింది. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి అల బరువు అడుగును తాకుతుంది, సరే. నడిసముద్రంలో కిలోమీటర్ల లోతున్న అడుగుకు పైన పోయే అల సంగతేం తెలుస్తుంది? పైగా పరికరాల్లో కనిపించే బలమైన వణుకు, అలల కంటే రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది. పది, పన్నెండు సెకన్లకొక అల వస్తుంటే నేల అయిదారు సెకన్లకొకసారి అదురుతోంది! 1950లో బ్రిటన్‌కు చెందిన లాంగెట్‌ హిగ్గిన్స్‌ ఈ ముడి విప్పాడు. ఎదురెదురుగా వచ్చిన అలలు కలుసుకుంటే నీళ్లు ముందుకు పోకుండా ఉన్నచోటే లేచి పడతాయి. చెట్టుకు కట్టిన ఉయ్యాల ఊహించుకోండి. పిల్లవాడు ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగి వచ్చేలోపు కొమ్మ మీద బరువు రెండుసార్లు పడుతుంది. అలాగే అడుగున కూడా ఒక్కో ఊపుకు రెండు ఒత్తిళ్లు. ఆ ఒత్తిడి లోతుతో తగ్గిపోదు కూడా. తుపాను చుట్టూ గాలులు తిరిగేచోటా, తీరాన్ని తాకి వెనక్కి మళ్లిన అలలు ఎదురొచ్చేచోటా ఇదే జరుగుతుంది.

ఇంతకీ నేల కదిలేదెంత? మామూలు రోజుల్లో మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూ ఇటూగా. తల వెంట్రుక మందమే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అయినా అది వందల మైళ్లు ప్రయాణించి సముద్రం కనబడని ఊళ్లకూ చేరుతుంది. 1940ల్లో అమెరికా నౌకాదళం దీనితో కరీబియన్‌ తుపాన్ల జాడ పట్టాలని ప్రయత్నించింది గాని, తుపాను ఒకచోట, అలలు కలిసేది మరొకచోట కావడంతో నమ్మకం కుదరలేదు. తర్వాత ఉపగ్రహాలు వచ్చాయి.

చాలాకాలం శాస్త్రవేత్తలు దీన్ని భూకంపాల రికార్డుకు అడ్డొచ్చే రొదగానే చూశారు. 2005లో కాలిఫోర్నియాలో ఆ రొదతోనే, రెండు స్టేషన్ల మధ్య అది ఎంత వేగంతో సాగిందో లెక్కగట్టి, భూమి పైపొరల చిత్రం గీశారు. భూకంపం కోసం ఎదురుచూడనక్కర్లేదు, సముద్రం ఎప్పుడూ పనిలోనే ఉంటుంది కదా! 2020 లాక్‌డౌన్‌లో బళ్లూ, కర్మాగారాలూ ఆగినప్పుడు మనుషులు పుట్టించే కంపనాలు చాలాచోట్ల సగం దాకా తగ్గాయి. సముద్రపు వణుకు మాత్రం తగ్గలేదు. అదే చంద్రుడి మీదైతే సముద్రమూ లేదు, గాలీ లేదు. అపోలో యాత్రికులు అక్కడ పెట్టివచ్చిన పరికరాలకు ఈ వణుకే కనిపించలేదు.

మరో ఆదివారం ఆ అబ్బాయిని పిలిచి, ఆ రోజు నేను తెలియక మాట్లాడానని చెప్పి, ఇదంతా ఉయ్యాల ఉదాహరణతో సహా వివరించాను. సంఘం ముందూ ఆ మాటే ఒప్పుకున్నాను. వెనక వరుసలో ఒక పెద్దాయనకు అది అంతగా నచ్చినట్టు లేదు. కొన్నాళ్లకు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రాత్రి ఆ అబ్బాయే ఫోన్‌ చేశాడు.

‘‘అయ్యగారూ, గీత లావెక్కింది చూస్తారా?’’ అన్నాడు సంబరంగా.