పొట్టి మెడ, మంద్రస్వరం

"ఇదేమిట్రా, వీణకు పిల్ల పుట్టిందా?" అన్నది మా అమ్మ, అట్టపెట్టెలోంచి నేను పైకి తీసిన వస్తువును చూచి.

ఆ మాటలో పెద్ద తప్పేమీ లేదు. సన్నని నడుము, పొట్ట మీద గుండ్రటి కంత, మెడ మీద మెట్లు, చివర బిరడలు. చూడటానికి మామూలు గిటారే. కాని తీగలు ఆరుకు బదులు నాలుగు. అవి కూడా మామూలు గిటారు తీగలకు పెద్దన్నలలాగా లావుగా ఉంటాయి. దీన్ని ఎకూస్టిక్ బేస్ గిటారు అంటారు. కరెంటు అక్కరలేనిది, నైలాను తీగలది, మెడ పొట్టిది.

తరగతిలో ఛందస్సు చెప్పుకొనేవాడికి దీనితో పనేమిటని మీరు అడగవచ్చు. పని నాది కాదు, మా అమ్మాయిది. ఇంటర్ చదువుతూ, స్నేహితురాళ్లతో కలిసి పాటలు వాయిస్తుంది. అందరూ పై స్వరాలు వాయించేవాళ్లే. కింద నిలబడేవాళ్లు లేరట. "ఇళయరాజా పాటల్లో కింద నడుస్తూ ఉంటుంది చూడు నాన్నా, అది నేను వాయిస్తాను" అన్నది. వినగా వినగా నాకూ చెవి పట్టుబడింది. పాట గోడ అయితే, బేస్ దాని పునాది. కనిపించదు; తీసేస్తే గాని ఉన్నట్లు తెలియదు.

కరెంటు బేస్ కొందామంటే దానికొక స్పీకరు పెట్టె కావాలి. మాది బడంగ్‌పేటలో గోడకు గోడ ఆనుకొన్న ఇల్లు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచినప్పటినుంచీ ఆకాశంలో మోతకు ఎలాగూ కొదవ లేదు. ఇరుగుపొరుగులకు నేలమీద కూడా వినిపించటం న్యాయం కాదు. పైగా మా అమ్మాయి చెయ్యి చిన్నది. నిలబడి వాయించే డబుల్ బేస్‌లో తీగ పలికే పొడవు సుమారు 42 అంగుళాలు. 1951లో ఫెండర్ కంపెనీవారు తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో అది 34 అంగుళాలకు దిగింది. 30 అంగుళాలవాటిని పొట్టివంటారు. ఈమధ్య ఇంకా పొట్టివి వచ్చాయి. అమెరికాలో టేలర్ కంపెనీవారి చిన్న బేస్ 23.5 అంగుళాలది; దాని తీగలకు లోపలిపోగు నైలానే. మేము కొన్నది ఆ కంపెనీది కాదు గాని, ఆ కొలతకు దగ్గరిది. 24 అంగుళాలు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి, కంగారుపడకండి. తీగ పొడవు తగ్గితే స్వరం పైకి పోతుంది. మళ్లీ కిందికి దింపాలంటే రెండే దారులు: తీగను వదులు చెయ్యటం, లేదా బరువు పెంచటం. మరీ వదులు చేస్తే బట్టలారేసే తాడులా ఊగుతుంది, పలకదు. కనుక బరువు పెంచాలి. 34 అంగుళాలకు బదులు 24 అంగుళాలలో, అదే బిగువుతో అదే స్వరం రావాలంటే, తీగ అంగుళానికి రెండింతల బరువుండాలి. ఉక్కుపోగును అంత లావు చేస్తే తీగ కర్రలా బిగుసుకుపోతుంది. పై మెట్లలో శ్రుతి తప్పుతుంది. నైలాను మెత్తనిది, కాని మరీ తేలిక. అందుచేత లోపల సన్నని నైలాను పోగుల కట్ట పెట్టి, పైన రాగితీగో కంచుతీగో చుడతారు. మెత్తదనం నైలానుది, బరువు లోహానిది. పొట్టి బేస్ రహస్యమంతా ఇదే.

నైలాను చరిత్ర కూడా సరదా అయినదే. 1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం దీన్ని కనిపెట్టింది. క్లాసికల్ గిటార్లకు అంతవరకూ ఎక్కువగా గొర్రెపేగు తీగలే. రెండవ ప్రపంచయుద్ధంలో ఆ తీగలకు కరువు వచ్చింది. న్యూయార్కులో ఆల్బర్ట్ ఆగస్టిన్ అనే గిటార్ల పనివాడు నైలానుతో తీగ చేస్తే, మహావిద్వాంసుడు సెగోవియా దాన్ని తలకెత్తుకొన్నాడు. అప్పటినుంచీ గొర్రెలకు కొంత తెరిపి.

సరే, నా తప్పు సంగతికి వస్తాను. నాబోటివాళ్లకు ఉపయోగపడేది అదే.

సంక్రాంతి సెలవుల్లో కొన్నాము. మార్చి నాటికి తీగల పలుకు మొద్దుబారింది. నగరంలో ఒక దుకాణానికి పోయి "నైలాను బేస్ తీగలు" అని అడిగాను. నల్లగా నిగనిగలాడే తీగలు ఇచ్చారు. అట్టమీద నైలాను అనే ఉన్నది. మనకు అక్షరం మీద నమ్మకం ఎక్కువ గదా! తెచ్చి బిగించాను. మొదటిరోజు బ్రహ్మాండంగా పలికింది. నేను నా పనితనానికి మురిసిపోయాను. మూడవనాడు రాత్రి, అందరమూ భోజనాల దగ్గర ఉండగా, గదిలోంచి 'టప్'మని చప్పుడు. పోయి చూస్తే, తీగలు ముడివేసే చెక్క, అదే బ్రిడ్జి, వెనుకవైపు అంటు వదిలి నోరు తెరుచుకొని ఉన్నది. పొట్ట ఉబ్బింది.

అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "పోనీలే నాన్నా" అన్నది.

మర్నాడు వీణలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఆ నల్లతీగను వేళ్లతో తడిమి, నోటితో ఏమీ అనకుండా, బల్ల సొరుగులోంచి చిన్న అయస్కాంతం తీసి దాని దగ్గర పెట్టారు. తీగ ఎగిరి అతుక్కున్నది.

"నైలాను అంటుకుంటుందా సార్, అయస్కాంతానికి?" అన్నారు.

సంగతేమంటే, ఆ నల్లతీగకు నైలాను పైతొడుగు మాత్రమే, లోపలిదంతా ఉక్కు. వాటిని టేప్‌వూండ్ అంటారు. మంచి తీగలే, వాటికి తగిన బేస్ మీద. ఉక్కుపోగు బేస్ తీగ ఒక్కొక్కటీ పదిహేను ఇరవై కిలోల బరువుతో లాగుతుంది. నైలాను తీగల కోసం పలుచగా చేసిన పెట్టె ఆ లాగుడు ఓర్చుకోలేదు. దుకాణదారుణ్ణి అని లాభం లేదు. అడిగింది నేను, అట్ట చదివింది నేను. మా తరగతిలో 'పద్యానికి పైఅర్థం వేరు, లోఅర్థం వేరు' అని ఏటేటా చెబుతూనే ఉంటాను!

కనుక తీగ కొనబోయేవారు చిన్న అయస్కాంతం జేబులో వేసుకొని పోండి. నైలాను పోగు మీద రాగి గాని కంచు గాని చుట్టిన తీగ దానికి అతుక్కోదు. అతుక్కుంటే లోపల ఉక్కు ఉన్నట్లే. ఇందులోనే ఇంకొక సంగతి ఉన్నది: కరెంటు గిటార్లకు ఉండే అయస్కాంతపు పికప్ నైలాను తీగను వినిపించుకోదు. సభలో వాయించవలసివస్తే, బ్రిడ్జి కింద ఒత్తిడిని పట్టుకొనే పీజో పికప్ ఉన్నది చూచుకోవాలి.

పెద్దాయన పాతజిగురంతా గీకి, కొత్తజిగురు పెట్టి, బిగింపులు వేసి, రెండు రోజులు ముట్టుకోనివ్వలేదు. గబగబా అంటుకుంటుందని సూపర్‌గ్లూ మాత్రం పోయవద్దన్నారు. అది పోస్తే తరువాత ఎవరూ శుభ్రంగా విప్పి అతకలేరట. ఆ రెండు రోజులూ సాయంకాలం పోయి ఆయన బల్ల దగ్గర కూర్చొని, కొనేటప్పుడు చూడవలసినవి అడిగి తెలుసుకొన్నాను. ముందే అడగవలసింది.

మెడను తుపాకిలా కంటికి ఎత్తిపట్టి, బిరడల వైపునుంచి చూడాలి. స్వల్పంగా లోతు ఉండవచ్చు గాని, మెలిక ఉండకూడదు. పన్నెండవ మెట్టు దగ్గర లావు తీగకూ మెట్టుకూ మధ్య సందు నాలుగు మిల్లీమీటర్లు దాటితే చిన్నచేతులకు కష్టం. నాలుగు తీగల మీదా ప్రతి మెట్టూ నొక్కి మీటాలి. ఎక్కడ జుమ్మంటే అక్కడ మెట్టు ఎత్తుపల్లాలు ఉన్నట్లు. పన్నెండవ మెట్టు దగ్గర నొక్కిన స్వరం, నొక్కకుండా మీటిన స్వరానికి సరిగ్గా పైస్థాయిది కావాలి. బ్రిడ్జి వెనుక కాగితం అంచు పెట్టి చూడాలి. దూరితే ఆ వాయిద్యాన్ని అక్కడే వదిలి రావాలి. పైపలక విషయంలో మనబోటివాళ్లకు ఆయన సలహా విచిత్రంగా తోచింది. ఒకే చెక్కతో చేసిన పలకకు పలుకు ఎక్కువే, కాని మా ఊరి ఎండకు పొరల చెక్కే మేలన్నారు. పనసమానులో ఒకే దుంగను తొలిచి చేసే బొబ్బిలి ఏకాండి వీణను మెచ్చుకొనే నోటితోనే ఆ మాట అన్నారు సుమండీ!

అంత చిన్న పెట్టెలోంచి అంత కింది స్వరం నిజంగా వస్తుందా అని అడిగాను. పూర్తిగా రాదు. బేస్‌లో అన్నిటికంటె లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. తరువాతివి 55, 73, 98. గిటారంత పెట్టెలో గాలి ఉరామరికగా నూరు కంపనాల దగ్గర బాగా పలుకుతుంది. అంతకు కిందివాటికి పెట్టె చాలదు. పైకి వచ్చే అనుస్వరాలను బట్టి మన చెవే అడుగుస్వరాన్ని పూరించుకుంటుంది. మెక్సికోవాళ్ల గిటరోన్‌కు మెడ పొట్టిగా, పొట్ట కుండలా ఉండటానికి కారణం ఇదే. 1972లో ఎర్నీ బాల్ అనే అమెరికన్ తన ఎర్త్‌వుడ్ బేస్‌కు అంత లావుపాటి పెట్టె పెట్టటానికి ప్రేరణ కూడా ఆ గిటరోనే. కనుక పదిమంది మధ్య వినిపిస్తుందనే ఆశతో పొట్టి బేస్ కొనకండి. అది ఒక గదికి సరిపడే గొంతు.

మా ఇంట్లో అదే మంచిదయింది.

మా అమ్మకు 78 ఏళ్లు. అయిదారేళ్లుగా వినికిడి తగ్గింది. వయస్సుతో వచ్చే చెవుడు పైస్వరాలను ముందు తీసుకుపోతుందట. మనవరాలి గొంతు, ఫోను గంట, కుక్కరు ఈల, ఒక్కొక్కటే ఆమెకు దూరమయ్యాయి. ఒకప్పుడు తెనాలిలో సంగీతం నేర్చుకొన్న మనిషి. ఆమెకొక తంబురా ఉండేది. నేను హైస్కూల్లో ఉండగా, ఒక వేసవిలో దాన్ని డాబా మీది రేకుల గదిలో పెట్టాము. జూన్‌లో తీస్తే కుండ నిలువునా చీలి ఉన్నది. అక్కడ పెట్టినవాణ్ణి నేనే. దానిగురించి ఆమె ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు.

బాగుచేయించి తెచ్చిన రోజున అమ్మాయి నిజమైన నైలాను తీగలు కట్టి, శ్రుతి చేస్తూ కూర్చున్నది. అమ్మ పక్కనే ఉన్నది. అన్నిటికంటె సన్నని తీగ మీటగానే ఆమె తల తిప్పింది. చెయ్యి చాచి అరచెయ్యి పెట్టె మీద పెట్టి, "మళ్లీ మీటు" అన్నది. అమ్మాయి మీటింది.

"ఇది నా తంబురా మంద్రషడ్జం గదే!"

నేను నవ్వబోయి, లెక్క వేసి చూచాను. అమ్మ పాడిన శ్రుతి అయిదు. హార్మోనియం మీద అది జి. ఆమె మంద్రషడ్జం సెకనుకు 98 కంపనాలు. బేస్‌లో అన్నిటికంటె సన్నని తీగ కూడా సరిగ్గా అదే. చిన్న పెట్టె బాగా పలికే చోటు కూడా అదే. మంద్రానికి స్థానం హృదయమనీ, మధ్యానికి కంఠమనీ, తారానికి శిరస్సనీ మన సంగీతశాస్త్రకారులు చెప్పారు. ఈ వాయిద్యాన్ని రొమ్ముకు ఆనించి పట్టుకొంటే ఆ మాట శాస్త్రమే కాదు, ఎముకలకు తెలిసే సంగతి. అమ్మ చెవితో ఎంత విన్నదో, అరచేతితో ఎంత విన్నదో నేను చెప్పలేను.

అప్పటినుంచీ దీన్ని ఎలా కాపాడుకోవాలన్న విషయంలో నాకు భయం పుట్టింది. భయంలోంచి కొన్ని అలవాట్లు వచ్చాయి.

కొత్త నైలాను తీగ వారం పది రోజులు సాగుతూనే ఉంటుంది. రోజూ శ్రుతి దిగుతుంది. బిరడ చెడిపోయిందని కంగారుపడి విప్పకూడదు. ప్రతిసారీ కాస్త బిగిస్తూపోతే అదే స్థిరపడుతుంది. ముడి మాత్రం గట్టిగా వెయ్యాలి. వదులుముడి జారితే తీగ కొస పలకమీద కొరడాలా తగిలి గాటు పెడుతుంది. వాయించిన తరువాత పొడిగుడ్డతో తీగల కింద కూడా తుడవాలి, ఎందుకంటే చెమటకు చుట్టుతీగ నల్లబడి పలుకు చచ్చిపోతుంది. చుట్టు ముందుగా అరిగేది మెట్టు తగిలే చోటనే. అక్కడ లోపలి పోగు కనిపించిందంటే తీగ మార్చే రోజు వచ్చింది.

అసలు శత్రువు మా గాలి. చెక్కకు తేమ 45 మొదలు 55 శాతం వరకూ ఉంటే సుఖం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నంపూట ఇక్కడ అది 30కి దిగువకు పోతుంది. వానల్లో 80 దాటుతుంది. తేమ పోతే చెక్క ముడుచుకుంటుంది, పలక చీలుతుంది, మెట్ల కొసలు చేతికి గీరుకుంటాయి. వానలకు ఉబ్బి తీగలు ఎత్తవుతాయి. ఎండాకాలం మేము పాత సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, అందులో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి, గిటారు పెట్టెలో మెడ దగ్గర ఉంచుతాము. నీళ్లు కారేట్టు ఉండకూడదు. వానాకాలం దాని స్థానంలో సిలికా జెల్ పొట్లాలు. కొద్ది ధరలో దొరికే తేమ చూపే యంత్రమొకటి పెట్టె లోపలే ఉన్నది. ఏ.సి. ఎదుట గాని, పడమటి గోడకు ఆనించి గాని పెట్టము. ఎండలో ఆగిన కారులో అయితే, పది నిమిషాలు కూడా వదలము. వేడికి జిగురు మెత్తబడుతుంది. చుట్టూ ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు గనుక దుమ్ముకు లోటు లేదు. బిరడల పళ్లచక్రాలను నెలకొకసారి మెత్తని కుంచెతో దులుపుతాము.

ఇన్ని జాగ్రత్తలు రాసుకొని గోడకు అంటించాను గాని, ఆ కాగితంతో పని పడలేదు. మే నెలంతా మధ్యాహ్నం నిద్ర లేవగానే మా అమ్మ పడకకుర్చీలోంచే కేకవేసేది.

"ఒరేయ్, దాని స్పాంజి తడిపావా?"