అమ్మ భుజం నొప్పి నుంచి పుట్టిన మిషన్

మా కొట్టుకు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు, "నీ చేతిలో కళ ఉందక్కా, మాకు అలాంటివి రావు" అంటుంటారు. కళంటే బొమ్మలు గీయడం, పాటలు కట్టడం అనుకుంటారు కాబోలు. అలాంటివాళ్లకు నేను చింతకింది మల్లేశం సంగతి చెబుతాను.

ఆయనది ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. కొయ్యల మధ్య నూలును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు! వాళ్లమ్మ లక్ష్మికి భుజాలు పడిపోయేవి. బడి చదువు మధ్యలో ఆగిపోయిన మల్లేశం ఆ చేతి కదలికనే గమనిస్తూ, దొరికిన సామానుతో ఏళ్ల తరబడి ముక్కముక్కగా మిషన్ కట్టాడు. ఊళ్లోవాళ్లు నవ్వారు. ఒకచోట పని చిక్కుపడితే, బాలానగర్‌లో మరో యంత్రం తిరిగే తీరు చూసి దారి కనిపెట్టాడు. 1999లో తన మిషన్ పూర్తయింది, దానికి అమ్మ పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాకైతే పద్మశ్రీ కన్నా ఆ గంటన్నరే గొప్ప.

నాది చిన్న ఉపాయం. కొలతల పుస్తకంలో ప్రతి పేజీకీ ఆ జాకెట్ గుడ్డ ముక్క గుచ్చుతాను. పేరు మరిచినా రంగు చూడగానే మనిషి గుర్తొస్తుంది. ఏ జాకెట్ ఎవరిదన్న తగాదాలు తగ్గాయి.

మీ పనిలో రోజూ విసుగు పుట్టించేదేదో ఈ వారం ఒక చీటీ మీద రాసుకోండి. మొదట దాన్నే పట్టండి.