మగ్గంలో తోలు

భివండీ పద్మానగర్‌లో పవర్‌లూం చప్పుడు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన మన పద్మశాలీలకు నూలు సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. ఈవేళ అదే మగ్గంలోని తోలు గురించి చెప్పుకుందాం.

నాడెను, ఇక్కడి మాటలో ధోటాను, ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టేది పిక్కర్. కొట్టే కర్రను లాగేది తోలు పట్టా. ఇప్పుడు పిక్కర్లు చాలావరకు ప్లాస్టిక్‌వే గాని, వెనుక గేదె పచ్చితోలుతో చేసేవారు. పదును చేయని తోలును నొక్కి ఆరబెట్టి నూనె పట్టిస్తే కర్రలా గట్టిపడుతుంది, దెబ్బకు ఆగుతుంది. పట్టా అలా బిగుసుకుంటే మాత్రం నాలుగు వంపులకే విరుగుతుంది. దానికి పదును చేసిన తోలే కావాలి.

ఏమిటీ పదును? తోలంటే మాంసకృత్తుతో అల్లుకున్న సన్నని పీచు. తడిగా ఉంటే కుళ్లుతుంది, ఎండితే పీచులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. చెట్టు చెక్కలోని వగరు ఆ పీచులను పట్టుకుని కుళ్లకుండా, అంటుకోకుండా కాపాడుతుంది. నేరేడుపండు తింటే నాలుక పట్టేస్తుంది చూడండి, అదే గుణం.

తెలంగాణ పల్లెల్లో ఈ విద్య మాదిగలది. తోలును సున్నపు నీళ్లలో నానేస్తే వెంట్రుక వదులుతుంది. ఆరెతో వెంట్రుకనూ, లోపలి మాంసాన్నీ గీకి, సున్నం పోయేదాకా కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ నానిన లందలో వేస్తారు. మొదట పలచని రసం, తర్వాత చిక్కనిది. తొందరపడి చిక్కని రసమే ముందు పోస్తే పైన పట్టి నడుమ పచ్చిగా మిగులుతుంది. అందుకే వారాలు పడుతుంది. లంద వాసనకు ముక్కు మూసుకున్న ఊరే ఆ తోలుతో కుట్టిన మోటబొక్కెనతో పొలం తడుపుకుంది!

కరక్కాయను మన మరాఠీ పొరుగువారు హిర్డా అంటారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కొల్హాపురి చెప్పుల తోలుకు తుమ్మ చెక్కతో పాటు ఇదీ వాడతారు.

కార్ఖానాల్లో క్రోమియం లవణాలతో పదును ఒకటి రెండు రోజుల్లో అవుతుంది. తోలు నీలిరంగు తేలుతుంది. మురుగును శుద్ధి చేయకుండా వదిలితే నేల, బావులు పాడవుతాయి. తమిళనాడు తోళ్ల కార్ఖానాల మురుగుపై సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది అందుకే.

పట్టా గాని, చెప్పు గాని తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకండి. నీడలో ఆరనిచ్చి, కాస్త నూనె రాయండి.