ఎర్రమన్ను రంగు గోడ – వాక్యపు వెలుగులో



క్రిస్మస్ దగ్గరపడితే మన పల్లెల్లో ఇండ్లకు సున్నం కొట్టడం, రంగులు వేయడం ఆనవాయితీ. ముందుగదిలో ఒక గోడకైనా ముదురు ఎర్రమన్ను రంగు వేయాలని ఆశపడేవారు ఇప్పుడు ఉన్నారు. విశ్వాసి ఇంటికి అంత రంగు తగునా అని సందేహించేవారూ ఉన్నారు.

ఈ రంగు మనకు కొత్తది కాదు. పలమనేరు మట్టిబొమ్మల రంగు ఇదే. పాత ఇండ్లలోని రెడాక్సైడ్ గచ్చు రంగు ఇదే. మట్టిలోని ఇనుము తుప్పుపట్టడం వల్లనే ఈ ఎరుపు వస్తుంది. అందుకే ఎండకు తొందరగా వెలిసిపోదు. హెబ్రీ భాషలో నేలను 'అదామా' అంటారు, ఎరుపును 'ఆదోమ్' అంటారు. మన మూలపురుషుడైన ఆదాము పేరు ఈ మాటలకు దగ్గరిదే. మంటితో చేయబడిన మనకు మంటి రంగు తప్పెలా అవుతుంది?

అయితే వేసే పద్ధతి తెలియాలి. ముదురు రంగు వెలుతురును మింగేస్తుంది. చిన్న కిటికీ ఉన్న గదిలో నాలుగు గోడలకూ వేస్తే పగలే చీకటవుతుంది. ఒక గోడకు వేసి, తక్కిన మూడింటికీ పైకప్పుకూ తెలుపు వేయండి. మన ఎండలకు బయటి గోడ వేడిని పీల్చుకుంటుంది గనుక ఈ రంగు లోపలికే మంచిది.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడ మీద పచ్చని, ఎర్రని మరకలు కనబడితే ఏమి చేయాలో ఉన్నది. పైన పూత పూసి దాచమని చెప్పలేదు. గోడను గీకించి, చెడిన రాళ్లు తీయించి, కొత్త అడుసు పూయమన్నది. మనమూ ముందు చెమ్మకు కారణమేమిటో చూసి బాగుచేయించాలి. చెమ్మ మీద ముదురు రంగు వేస్తే ఉప్పు తెల్లగా పొంగి, పెచ్చులూడుతుంది. హృదయము సంగతీ ఇంతే.

పాత ఎనామెల్ రంగులలో సీసము ఉండేది. అది పిల్లల మెదడుకు హాని. పది లక్షల భాగాలలో 90 భాగాలకు మించి సీసమున్న ఇంటి రంగులు అమ్మరాదని 2016లో చేసిన నిబంధన 2017 నవంబరు నుండి అమలైంది. డబ్బా మీద రాసినది చదివి కొనండి. పాత రంగును పొడిగా గీకకండి, తడిపి గీకండి. ఆ సమయములో పిల్లలను, గర్భిణులను దూరముగా ఉంచండి.

చివరి మాట ముఖ్యమైనది. ఎర్రరంగు వేసిన ఒక ఇల్లు బైబిలులో ఉన్నది. యూదా రాజైన యెహోయాకీము విశాలమైన మేడ కట్టించి, దేవదారు పలకలు వేయించి, ఇంగిలీకముతో రంగు వేయించాడు. ప్రవక్త అతనిని గద్దించినది రంగు కోసము కాదు, పనివారికి కూలి ఇవ్వనందుకు (యిర్మీయా 22:13–17). అతని తండ్రి యోషీయా అన్నపానములు పుచ్చుకుంటూనే దీనులకు న్యాయము చేశాడు.

కాబట్టి సహోదరీ సహోదరులారా, అప్పు చేసి రంగు వేయవద్దు. పెయింటరుకు, మేస్త్రీకి, సామాను మోసిన కూలివానికి పండుగ తరువాత చూద్దాము అనవద్దు. పని ముగిసిన సాయంత్రమే లెక్క తీర్చండి. వారి ఇంట్లోనూ క్రిస్మస్ ఉన్నది. అట్టి ఇంటి ఎర్రగోడను చూసి ప్రభువు సంతోషించును గాక!