అసెంబుల్డ్ పీసీలో మ్యాక్‌ఓఎస్‌? పార్టులు కొనకముందే చూసుకోండి!

ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఉద్యోగం మీద కన్నేశారా? అయితే ఎక్స్‌కోడ్ నేర్చుకోవాలి. అది మ్యాక్‌ఓఎస్‌లో తప్ప నడవదు. 'మ్యాక్ ఎక్కడ కొంటాం, ఏలూరులో ఓ పీసీ అసెంబుల్ చేయించి అందులోనే మ్యాక్‌ఓఎస్ వేసేద్దాం' అనే ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. దీన్నే హ్యాకింతోష్ అంటారు. రొయ్యల పట్టుబడి డబ్బుల్లోంచి నాన్న ఇచ్చిన అరవై వేలు పట్టుకుని షాపుకెళ్లేముందు కాస్త ఆగండి.

మొదట లైసెన్సు సంగతి. మ్యాక్‌ఓఎస్‌ను యాపిల్ బ్రాండు కంప్యూటర్లలోనే వాడాలని యాపిల్ షరతు. అంటే హ్యాకింతోష్‌కు ఆ కంపెనీ మద్దతు ఉండదు. కంపెనీ పనికి, డబ్బు తీసుకుని చేసే ప్రాజెక్టుకు దీన్ని అస్సలు వాడొద్దు.

ఇక పార్టులు. ఎక్కువమంది దెబ్బతినేది గ్రాఫిక్స్ కార్డు దగ్గరే. గేమింగ్ పీసీ అనగానే షాపులో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ చూపిస్తారు. మ్యాక్‌ఓఎస్‌కు అది పనికిరాదు. ఎన్విడియా జీటీఎక్స్ 10 సిరీస్ కార్డులకు డ్రైవర్లు 2017 నాటి హై సియెర్రాతోనే ఆగిపోయాయి. ఆర్‌టీఎక్స్‌కు అసలు రానేలేదు. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 580, ఆర్‌ఎక్స్ 6600 నడుస్తాయి. అలాగని కొత్తది కదా అని 7600 తీసుకుంటే నడవదు! 'ఏఎండీ అయితే చాలు' అనే సలహాను అందుకే నమ్మొద్దు, మోడల్ నెంబరు చూడాలి.

ఇంట్లో ఉన్న పీసీలో ఏముందో తెలియదా? విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ పార్టు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్‌కు వెళ్లండి. 'వీఈఎన్' పక్కన నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏఎండీ, 8086 అంటే ఇంటెల్. పెట్టె మీద స్టిక్కర్ కంటే ఈ కోడే నమ్మకం. సెకండ్‌హ్యాండ్ పీసీ అయితే డబ్బులిచ్చే ముందు అక్కడే ఆన్ చేయించి చూడండి.

ప్రాసెసర్‌లో ఇంటెల్ పదో తరం దాకా సులువు. ఎందుకంటే 2020 ఐమ్యాక్‌లో యాపిల్ వాడింది అదే. పదకొండో తరం నుంచి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ పనిచేయదు, విడిగా కార్డు కావాల్సిందే. రైజెన్ అయితే ప్యాచ్‌లు వేయాలి, వేసినా వర్చువలైజేషన్ పనిచేయదు. డాకర్ వాడాలనుకునేవాళ్లకు ఇది పెద్ద లోటే. శామ్‌సంగ్ పీఎం981 ఎస్‌ఎస్‌డీ ఉంటే సిస్టమ్ మధ్యలో కుప్పకూలడం తెలిసిన సమస్యే. వైఫై సంగతి చెప్పనక్కర్లేదు: 2023లో వచ్చిన సొనోమాలో పాత బ్రాడ్‌కామ్ కార్డుల డ్రైవర్లనూ యాపిల్ తీసేసింది. ల్యాన్ కేబుల్ దగ్గర పెట్టుకోండి.

ఇవన్నీ సరిపోయినా అసలు చిక్కు వేరే ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లకు మ్యాక్‌ఓఎస్ 26 టాహోనే చివరిదని 2025 జూన్‌లో యాపిల్ ప్రకటించింది. ఆ తర్వాతి వెర్షన్లు యాపిల్ సొంత చిప్‌లకే. యాప్ స్టోర్ ఏటా కొత్త ఎక్స్‌కోడ్ అడుగుతుంది, కొత్త ఎక్స్‌కోడ్ కొత్త మ్యాక్‌ఓఎస్ అడుగుతుంది. ఎక్స్‌కోడ్ 26కే సెకోయా 15.6 ఉండాలి. అందుకని దీనికోసం కొత్తగా పార్టులు కొనడం దండగ. సరిపోయే పీసీ ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం బూటింగ్, డ్రైవర్లు ఎలా పనిచేస్తాయో నేర్చుకోడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. విండోస్ ఉన్న డిస్కు తీసి పక్కన పెట్టి, ఖాళీ ఎస్‌ఎస్‌డీ మీద ప్రయత్నించండి. కొల్లేరు పల్లెల్లో కరెంటు పోయే ఇళ్లవాళ్లు యూపీఎస్ లేకుండా మొదలెట్టొద్దు.

ఉద్యోగమే లక్ష్యమైతే లెక్క చూసుకోండి. ఎం4 మ్యాక్ మినీ 2024లో విడుదలైనప్పుడు ధర రూ.59,900, విద్యార్థులకు రూ.49,900. అప్పుడు మీ పాత మానిటర్, కీబోర్డు, మౌసే వాడుకోవచ్చు, వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది. అంత డబ్బూ ఇప్పుడు లేదంటే ఫ్లట్టర్‌లో కోడ్ రాసి, గిట్‌హబ్‌లో పబ్లిక్ ప్రాజెక్టుగా పెట్టండి. ఐఓఎస్ బిల్డ్ వాళ్ల మ్యాక్ మెషీన్ల మీద ఉచితంగానే అవుతుంది.